తెల్ల ముంగురుల పిల్ల

నాష్‌విల్, టెనెసీ
1958 ఏప్రిల్ 6, ఈస్టర్ ఆదివారం

అక్కా,

ఈపాటికి మీరంతా చర్చికి పోయుంటారు. నేనేమో అద్దెగదిలో మంచం మీద చతికిలబడి నీకు రాస్తున్నాను. చర్చికి పోలేదని పాస్టరు బ్రదర్ ఎల్కానాకి చెప్పకు. గిటార్ పట్టిన రోజే నేను నరకంలో చోటు ఖాయం చేసుకున్నానని ఆయన అభిప్రాయం. ఇప్పుడు కొత్తగా పోయేదేమీ లేదులే.

మంచి కబురు చెప్తాను విను. కాఫీ కొట్లో ప్లేట్లు మోస్తూ, సాయంత్రాలు ఓ మూల నిలబడి పాడుతున్నానని రాశాను కదా. అక్కడికి ప్రుయెట్ అని ఒకాయన వచ్చాడు. పాటగాళ్ళ చేత రికార్డులు చేయించి, ఊరూరా తిప్పే మేనేజరు. ఆయన బూట్లలో నా మొహం కనిపించింది, అంత నున్నగా ఉన్నాయి. "ఏ ఊరు పిల్లా నీది?" అన్నాడు. రాక్‌లిక్ లోయ, కెంటకీ అన్నాను. "కెంటకీలో అదెక్కడ?" అన్నాడు. "రోడ్డు అయిపోయాక వాగులో దిగి నడిస్తే వస్తుంది" అన్నాను. పగలబడి నవ్వాడు. ఈ మాట ఇలాగే రేడియోలో చెప్పాలి, మర్చిపోకు అన్నాడు.

ప్రేమ పాటలు పాడే అందగత్తెలు ఈ ఊళ్ళో వీధికి పదిమంది ఉన్నారట. "నువ్వు కళ్ళతో చూసింది పాడు, అదే నీ ఆస్తి" అన్నాడు. అందుకని ఒక పాట కట్టానక్కా. మన ఇంటి సంగతే. ఆ చలికాలం సంగతి. కడుతుంటే నాకే ఏడుపొచ్చింది. నీకు ఇష్టం లేకపోతే చింపేస్తాను. నువ్వు ఊఁ అంటేనే పాడతాను.

నాన్న దగ్గు ఎలా ఉంది? జూనీకి నా ముద్దులు. నా కిటికీలోంచి రైళ్ళు కనిపిస్తాయని దానికి చెప్పు, కుళ్ళుకుంటుంది.

నీ చెల్లెలు
విల్డా

* * *

రాక్‌లిక్ లోయ, కెంటకీ
ఏప్రిల్ 20

విల్డా తల్లీ,

నీ ఉత్తరం వాగు పొంగడం వల్ల ఆలస్యంగా అందింది. పోస్టు కూడా ఓడీ కాలిన్స్ కొట్లోనే కదా, వాళ్ళావిడ వెస్టా నా చేతికిచ్చేముందు కవరుని దీపానికి అడ్డంగా పెట్టి చూసే ఉంటుంది. చూసుకోనీ.

పాడు. నన్ను అడగాలా? అమ్మ పోయిన ఆ చలికాలం గుర్తొస్తే నాకూ ఏడుపొస్తుంది. అమ్మ నీకెంతో నాకూ అంతే. నీ గొంతులో ఆవిడ నాలుగు రోజులు బతికితే అంతకన్నా ఏం కావాలి? ఒక్క మాట మాత్రం విను. అమ్మకి శవపెట్టె చేయించడానికి చెక్క లేక కొట్టం తలుపు ఊడదీశాం చూడు, అది పాటలో పెట్టకు. నాన్న తల దించుకుంటాడు. గనిలో ఊపిరితిత్తులు పోయాయి కానీ ఆయన పౌరుషం పోలేదు.

నాన్న పడుకుంటే దగ్గొస్తోందని కుర్చీలో కూర్చునే నిద్రపోతున్నాడు. నేను స్కూలు వంటగదిలోనే చేస్తున్నాను. పిల్లలు నా మొక్కజొన్న రొట్టె మళ్ళీ మళ్ళీ అడుగుతారు. జూనీకి పదకొండో ఏడు నిండింది కదా, ఎక్కడ లేని పొగరు వచ్చింది. మొన్న అడవి ఉల్లి తవ్వుకొచ్చి, పచ్చివే నమిలి బడికి పోయింది. టీచరు ఆ కంపు భరించలేక దాన్ని వరండాలో కూర్చోబెట్టిందట. "కావాలనే తిన్నానక్కా, ఇవాళ లెక్కల పరీక్ష" అంది. కొట్టాలో నవ్వాలో తెలియలేదు. గొంతు మాత్రం అచ్చం నీదే.

వేళకి తిను. ఆ నున్నటి బూట్లాయన దగ్గర జాగ్రత్తగా ఉండు.

నీ అక్క
డెల్ఫియా

* * *

నాష్‌విల్
జూన్ 15

నా బంగారు అక్కా,

నువ్వు పాడమన్నావు! ఆ ఒక్క మాట చదివి గదిలో గెంతులేశాను. కింది గదిలో ముసలావిడ చీపురుకర్రతో సీలింగు పొడిచింది. కొట్టం తలుపు సంగతి పాటలో లేదు, బెంగపడకు.

రికార్డింగు అయిపోయింది. ఫిడేలు వాయించే ముసలాయన పాట అయ్యాక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చివర మాత్రం ప్రుయెట్ గారు కొంచెం మార్పించారు. నేను రాసినట్టుంటే జనం ఏడవరట. జనం ఏడవని పాటని ఎవరూ కొనరట. పాటన్నాక ఆ మాత్రం మార్పులుంటాయిలే. "తెల్ల ముంగురుల పిల్ల" అని పేరు పెట్టారు. వచ్చే నెలలో రేడియోలో వస్తుంది. మన రేడియోకి బ్యాటరీ ఉందా?

ఒక రహస్యం చెప్పనా? మైకు ముందు నిలబడినప్పుడు భయం వేయలేదు. పుట్టినప్పటినుంచీ ఎక్కడికి పోవాలో అక్కడికి వచ్చినట్టే అనిపించింది. ఇలా అన్నానని నాన్నకి చెప్పకు, మన లోయ నచ్చలేదనుకుంటాడు.

విల్డా

* * *

రాక్‌లిక్ లోయ
ఆగస్టు 17

విల్డా,

నీ పాట రేడియోలో వస్తోందని ఊరంతా చెప్పుకుంటున్నారు. నేను మాత్రం ఇంకా వినలేదు. మన రేడియో బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. పేరు విని, తెల్ల ముంగురులంటే నెరిసిన మన అమ్మ జుట్టే అనుకుని మురిసిపోయాను. పిల్ల అన్నావేంటా అని ఒక్క క్షణం అనిపించింది. అమ్మ కూడా ఒకప్పుడు పిల్లేగా.

ఒక వింత చెప్తాను. మొన్న ఓడీ కొట్టుకి పిండి కోసం పోయాను. లోపల్నుంచి నీ గొంతు వినిపిస్తోంది. పరుగు లాంటి నడకతో మెట్లెక్కాను. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే వెస్టా టక్కున రేడియో కట్టేసింది. "అదేంటి వెస్టా, మా చెల్లి పాట వినొద్దా నేను?" అన్నాను. "బ్యాటరీ అయిపోయింది డెల్ఫియా" అంది నా మొహం చూడకుండా. అక్కడున్న ఇద్దరు మగాళ్ళు అమ్మకానికున్న ఇనప గిన్నెల్ని చేతిలో తిరగేసి చూస్తూ నిలబడ్డారు. ఆదివారం చర్చిలో కూడా నాకు చెయ్యి కలపడానికి ఒక్కరూ రాలేదు. మనవాళ్ళకి ఎవరైనా పైకొస్తే గిట్టదని నాకు తెలుసు కానీ, ఇంతలా గిట్టదనుకోలేదు. నువ్వు మాత్రం పట్టించుకోకు. పాడుకో.

బీన్స్ బాగా కాశాయి. దారానికి గుచ్చి ఎండబెడుతున్నాను. చలికాలానికి నీకో దండ పంపిస్తాను.

నీ అక్క
డెల్ఫియా

* * *

టెక్సాస్‌లో ఎక్కడో, బస్సులోంచి
సెప్టెంబరు 21

అక్కా,

అక్షరాలు గతుకులకి ఎగురుతున్నాయి, ఏమనుకోకు. ఈ ఉత్తరం నేను రాస్తున్నట్టు నాకే నమ్మకం కలగడం లేదు. రికార్డు దేశమంతా అమ్ముడుపోతోంది. నిన్న ఒక ఊళ్ళో ఆడవాళ్ళు నా కోసం వానలో నిలబడ్డారు. నాకు మెరుపుల గౌను కుట్టించారు, అది వేసుకుంటే కూర్చోవడానికి లేదు, బస్సులో నిలబడే పోవాలి. చిన్నప్పుడు పిండి సంచుల గుడ్డతో నువ్వు కుట్టిన గౌనులో ఎంచక్కా చెట్లెక్కేదాన్ని!

వాగులోంచి నడిచొచ్చిన పిల్ల అని పత్రికలో నా బొమ్మ వేశారు. ఈ పాట నిజంగా మా లోయలో జరిగిందే అని నేను చెప్పినట్టు రాశారు. ప్రుయెట్ గారే అలా చెప్పమన్నారు. ఆ మాటతోనే రికార్డు ఎగబాకింది.

వెస్టా కుళ్ళుబోతు, వదిలెయ్. జూనీకి ఎర్ర కోటు, రేడియోకి బ్యాటరీ పంపిస్తున్నాను. విని, ఎలా ఉందో రాయి. రెండు నెలలుగా నీ మాట కోసమే చూస్తున్నాను.

నీ విల్డా

* * *

రాక్‌లిక్ లోయ
అక్టోబరు 12

విల్డా,

నీ బ్యాటరీ రాకముందే పాట విన్నాను. ఎవరి నోట విన్నానో తెలుసా? జూనీ నోట. బడిలో పిల్లల దగ్గర నేర్చుకుందట. గిన్నెలు తోముతూ, కాలు ఊపుతూ పాడింది.

డిసెంబరులో కొండ దాటిపోయిన పిల్ల. నుదుటి మీద పుట్టుకతో తెల్ల ముంగురులున్న పిల్ల. మార్చిలో ఒట్టి చేతులతో తిరిగొచ్చిన పిల్ల. పసిగుడ్డుని ఏటి నీళ్ళలో వదిలేసిన పిల్ల. జూనీ తలెత్తి నా నుదుటి మీద జుట్టు చూసింది. "అక్కా, నీలాగే ఉంది కదా పాటలో అమ్మాయి" అంది. నా చేతిలో ఇనప మూకుడు ఉంది. అదెప్పుడు కింద పెట్టానో నాకు గుర్తులేదు.

ఈ జిల్లా మొత్తంలో ఇలాంటి జుట్టు నా ఒక్కదానికే ఉంది, విల్డా.

నేను పాడమన్నది అమ్మ చావు పాట. అది నీకు తెలుసు. నా ఉత్తరంలో స్పష్టంగా రాశాను. నువ్వు చదివి కూడా, నేను పొరబడ్డానని ఒక్క ముక్క రాయలేదు.

నిజం ఏంటో నీకు ఒకరు చెప్పాలా? అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు, నీకు పదకొండు. నన్ను పెళ్ళి చేసుకుంటానన్న క్లెల్ డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీకి పోయాడు, మళ్ళీ కబురు లేదు. అమ్మ నన్ను కొండకవతల పిన్ని ఇంటికి తీసుకుపోయింది. మార్చిలో బిడ్డని తన ఒళ్ళో పెట్టుకుని తిరిగొచ్చి, నాకు లేక లేక మళ్ళీ పుట్టిందని ఊరికి చెప్పింది. ఆ బిడ్డ జూనీ. ఏట్లో కాదు, నా పక్కలో పెరిగింది. దాన్ని నేను అక్కలా పెంచాను. పాలు పడి రవిక తడిసిపోతుంటే గుడ్డ బిగించి కట్టుకుని, అక్కలా పెంచాను.

ఇప్పుడు ఏమైందో విను. బడి కమిటీ వాళ్ళు నన్ను వంటకి రావద్దన్నారు. బిడ్డని చంపిన చేత్తో మా పిల్లలకి అన్నం పెడుతుందా అని తల్లులు గోల చేశారట. పోయిన గురువారం పోలీసు డెప్యూటీ అర్లిస్ వచ్చాడు, ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని. మంచివాడే, టోపీ తీసి మాట్లాడాడు. "ఫిర్యాదు వచ్చింది డెల్ఫియా, చూడకుండా ఉండలేను" అన్నాడు. మన మలుపు దగ్గర లోతు మడుగులో కొక్కేల గెడలు వేసి సాయంత్రం దాకా దేవారు. నాన్న అరుగు మీద కుర్చీలో కూర్చుని అంతా చూశాడు. జూనీ ఒడ్డున నిలబడి "ఏం వెతుకుతున్నారు అంకుల్?" అని అడిగింది వాళ్ళని.

నేను చంపలేదని చెప్పాలంటే, మరి ఆ బిడ్డ ఏది అని అడుగుతారు. అది చెప్తే జూనీ ఏమైపోతుంది? నువ్వు నన్ను ఎలాంటి చోట నిలబెట్టావో తెలుస్తోందా?

నీకు చేతులెత్తి చెప్తున్నాను. రేడియోలో ఒక్క మాట చెప్పు. ఇది కల్పించిన పాట, మా ఇంట్లో ఎవరికీ ఇలా జరగలేదు అని. అంతే చాలు. ఈ ఉత్తరం చదివాక పొయ్యిలో వెయ్యి. కోటు తిప్పి పంపిస్తున్నాను.

డెల్ఫియా

* * *

నాష్‌విల్
నవంబరు 2

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. ఇది మడుగులో గెడలు వేసేదాకా పోయిందా! నేను అలా అనుకోలేదక్కా. మన లోయలో ఎవరు వింటారు అనుకున్నాను. తెల్ల ముంగురులు అంటే పాటలో బాగా కూర్చుందని పెట్టాను, అంతే, దేవుడి మీద ఒట్టు. నేను రాసిన పాటలో బిడ్డ బతికే ఉంది. నీళ్ళలో వేసింది ప్రుయెట్.

నువ్వు అమ్మ గురించి అనుకున్నావని తెలుసు. నీ ఉత్తరంలో "పాడు" అన్న మాట దగ్గరే ఆగిపోవాలనిపించింది. ఆ కింద రాసింది చదివాను కానీ చదవనట్టే ఉన్నాను. నన్ను ఏమన్నా పడతాను.

చెప్తాను. తప్పకుండా చెప్తాను. ఈ నెల 22, శనివారం, ఎనిమిది గంటల ప్రోగ్రాంలో నన్ను పాడమన్నారు. దేశమంతా వినే ప్రోగ్రాం. పాట ముందు యాంకరు నాతో మాట్లాడతాడు. అప్పుడు, ఇది కట్టుకథ, మా అక్క లాంటి మంచి మనిషి లోకంలో లేదు అని నా నోటితో చెప్తాను. ఊరందరినీ కూర్చోబెట్టుకుని విను. అర్లిస్‌ని, వెస్టాని, బ్రదర్ ఎల్కానాని అందరినీ పిలువు. నీకు మాట ఇస్తున్నాను.

నీ విల్డా

* * *

రాక్‌లిక్ లోయ
నవంబరు 30

విల్డా,

అందరినీ పిలిచాను. నువ్వు చెప్పినట్టే.

నాన్నని ట్రక్కులో దుప్పట్లు పరిచి ఓడీ కొట్టుకి తీసుకుపోయాను. పొయ్యి పక్కన కూర్చోబెట్టారు. అర్లిస్ వచ్చాడు, బ్రదర్ ఎల్కానా వచ్చాడు, బడి కమిటీ వాళ్ళు వచ్చారు. చోటు చాలక కొందరు మెట్ల మీద నిలబడ్డారు. నేను కడిగి ఇస్త్రీ చేసిన గౌను వేసుకున్నాను. పెళ్ళికి పోతున్నట్టుంది నా వాలకం. జూనీ మేకుల పీపా ఎక్కి కూర్చుంది. ఓడీ దానికి ఉప్పు బిస్కెట్ల పొట్లం ఇచ్చాడు.

"మా చెల్లి ఇప్పుడు మీ అందరికీ ఒక మాట చెప్తుంది" అన్నాను. గర్వంగానే అన్నాను.

యాంకరు అడిగాడు. "విల్డా, ఈ పాట నిజంగా జరిగిందేనంటారు, అవునా?"

నువ్వు ఒక్క క్షణం ఆగావు. ఆ క్షణంలో నేను నీ కోసం ప్రార్థన చేశాను. నా కోసం కాదు.

"అక్షరం అక్షరం నిజమేనండీ" అన్నావు. "మా వాళ్ళు అలాంటి కష్టాల్లోనే బతికారు." తర్వాత పాట మొదలుపెట్టావు. చాలా బాగా పాడావు. అంత బాగా నువ్వు ఎప్పుడూ పాడలేదు.

పాట అయ్యాక వెస్టా "విన్నావుగా డెల్ఫియా" అంది. అర్లిస్ కిందకి చూస్తున్నాడు. బ్రదర్ ఎల్కానా లేచి, "అమ్మా, దేవుడి ముందు ఒప్పుకుంటే భారం దిగుతుంది" అన్నాడు మెల్లగా. ఆయన దయగానే అన్నాడు. ఆ దయకే నాలో ఏదో తెగిపోయింది.

"నేను ఏ బిడ్డనీ ఏట్లో వేయలేదు" అన్నాను. "బిడ్డని కన్నమాట నిజం. ఆ బిడ్డ ఇక్కడే ఉంది. ఆ పీపా మీద కూర్చుని బిస్కెట్లు తింటోంది."

జూనీ ముందు అర్థం చేసుకోలేదు. ఎవరా అని వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. నమలడం ఆపేసింది. నాన్న కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు. "నిజం. నేనూ, చచ్చిపోయిన నా పెళ్ళాం కలిసి ఆడించిన అబద్ధం. అనాల్సిందేమన్నా ఉంటే నన్ను అనండి" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి మూడుసార్లు ఊపిరి తీసుకోవాల్సొచ్చింది. అర్లిస్ టోపీ తీసేశాడు. జూనీ పీపా దిగి, పొట్లం మడిచి ఓడీకి తిరిగి ఇచ్చేసి, బయటికి వెళ్ళి ట్రక్కు వెనక ఎక్కి కూర్చుంది.

ఇంటికొచ్చాక నాన్న కుర్చీ పక్కన కింద పడుకుంది. నా దగ్గరికి రాలేదు. మర్నాడు పొద్దున నేను పొయ్యి రాజేస్తుంటే వెనకే నిలబడి అడిగింది. "అమ్మ చచ్చిపోయిన రోజు నన్ను పట్టుకుని, ‘మనకిక అమ్మ లేదు జూనీ’ అని ఏడ్చావు. అప్పుడెందుకు చెప్పలేదు?"

దీనికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి. నువ్వు మాటలు కట్టడంలో గొప్పదానివి కదా.

ఊళ్ళో ఇప్పుడు నన్ను హంతకురాలు అనడం లేదు. వేరే మాట అంటున్నారు. దాన్ని నేను తట్టుకోగలను. బడి వంటకి మళ్ళీ రమ్మన్నారు. జూనీ మాత్రం నన్ను ఏ పేరుతోనూ పిలవడం లేదు. అక్కా అనదు, ఇంకోటీ అనదు. "రొట్టె కావాలి" అంటుంది, "బడికి పోతున్నా" అంటుంది.

ఒక్క మాట చెప్పు అన్నాను. ఒకే ఒక్క మాట.

డెల్ఫియా

* * *

నాష్‌విల్
1959 ఫిబ్రవరి 2

అక్కా,

రెండు నెలలు పట్టింది కలం పట్టడానికి. మధ్యలో రాసిన ఉత్తరాలు చింపేశాను.

ఆ సాయంత్రం స్టేజీ ఎక్కేముందు ప్రుయెట్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు ఏదో చెప్పాలనుకుంటున్నావని విన్నాను. అబద్ధాలకోరు పాటని ఎవరూ కొనరు. చెప్పు, రేపు మళ్ళీ ప్లేట్లు మోసుకో" అన్నాడు. నేను చెప్తాననే ఎక్కానక్కా. ప్రసారం మొదలైందని ఎర్ర దీపం వెలిగింది. ఆ మనిషి అడిగాడు. నోరు తెరిచాను. లోపల అనుకున్నది ఒకటి, బయటికి వచ్చింది ఒకటి.

నన్ను తిట్టు. కానీ ఒక్కటి అడుగుతాను. ఆ చలికాలం నా వయసు ఇప్పటి జూనీ వయసే. అమ్మ నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, "ఎవరికన్నా చెప్పావంటే నువ్వు నా కూతురివి కావు" అంది. పదేళ్ళకి పైగా ఆ రహస్యం కడుపులో పెట్టుకుని తిరిగాను. నీకు జూనీ దొరికింది, అమ్మకి పరువు దొరికింది. నాకేం దొరికింది? మీ అందరి అబద్ధం మోయడం. అది కూడా నా జీవితమే అక్కా. నా కళ్ళతో చూసిందే. దాన్ని పాడే హక్కు నాకు బొత్తిగా లేదా?

ఇప్పుడు నాకు ఇల్లుంది. నాలుగు గదులు, వేణ్ణీళ్ళు. రికార్డు అమ్మకాల్లో అన్నిటికన్నా పైన ఉంది. రాత్రిళ్ళు నిద్ర పట్టదు.

అందుకే ఇంకో పాట కట్టాను. నువ్వు ఓడీ కొట్లో నిలబడి నిజం చెప్పిన పాట. బిడ్డ బతికే ఉందని, తల్లి సాధ్విలాంటిదని దేశమంతా వింటుంది. నీ మీద పడ్డ మచ్చ పాటతోనే వచ్చింది, పాటతోనే పోతుంది. ఈసారి నిన్ను ముందే అడుగుతున్నాను. నీ జవాబు వచ్చేదాకా నోరు విప్పను. జూనీని ఒకసారి ఇక్కడికి పంపించు. దాని గొంతు నాదే అన్నావు కదా, పాడటం నేర్పిస్తాను.

నీ చెల్లెల్నే ఇంకా
విల్డా

* * *

రాక్‌లిక్ లోయ
1959 ఫిబ్రవరి 11

విల్డా,

నీ ఉత్తరం నిన్న మంగళవారం అందింది. వాగు గడ్డకట్టి పోస్టు ఆగిపోయింది. నువ్వు అడిగిన పాట మేము మొన్న శనివారమే విన్నాం.

జవాబు వచ్చేదాకా నోరు విప్పనని రాశావు. రాసి వారం కూడా తిరగలేదు. ఇందులో నాకు ఆశ్చర్యం లేదు. ఉత్తరం తీరిగ్గా రెండుసార్లు చదివాను, నువ్వు రాసేటప్పుడు మనస్ఫూర్తిగానే రాశావని కూడా అనిపించింది. అదే నాకు భయం వేసింది. నవంబరులో కూడా మనస్ఫూర్తిగానే రాసి ఉంటావు.

నువ్వు పదకొండేళ్ళప్పుడు మోసిన బరువు గురించి రాసింది నిజం. అది మేము చేసిన తప్పే. నువ్వు ఇంటికొచ్చి నా మొహం మీద అడిగి ఉంటే నేను నీ కాళ్ళు పట్టుకుని ఏడ్చేదాన్ని. నువ్వు నన్ను అడగలేదు. అందరికీ చెప్పావు.

శనివారం ఏం జరిగిందో చెప్తాను, తర్వాత రాయను.

పిండి అయిపోతే జూనీ, నేను ఓడీ కొట్టుకి పోయాం. నీ ప్రోగ్రాం వస్తోంది. వెస్టా ఈమధ్య నాతో తేనె పూసినట్టు మాట్లాడుతోంది. "డెల్ఫియా, రా రా, నీ మీదే పాట, ఎంత బాగుందో!" అని స్టూలు జరిపింది. నేను కూర్చోలేదు. జూనీ రేడియో దగ్గరికి పోయి నిలబడింది.

విన్నాం. పాటలో తల్లి చర్చిలో తెల్ల గౌనుతో నిలబడింది. కిటికీలోంచి ఎండ పడింది. ఊరంతా మోకాళ్ళ మీద పడి ఆమెని క్షమించమని అడిగింది. బిడ్డ పరిగెత్తుకొచ్చి తల్లిని కావలించుకుంది. ఇద్దరూ ఏడ్చారు. అన్నీ చక్కబడ్డాయి. కొట్లో ఉన్న ఆడవాళ్ళు ముక్కులు తుడుచుకున్నారు. వాళ్ళలో సగంమంది ఆ రోజు అక్కడే ఉన్నారు, ఏం జరిగిందో కళ్ళతో చూశారు. అయినా ఏడ్చారు. ఇంకో ఏడాది పోతే వాళ్ళకి నీ పాటే గుర్తుంటుంది.

జూనీ చివరిదాకా కదలకుండా విన్నది. దాని మొహం నాకు కనిపించలేదు. నువ్వు దాన్ని పిలుస్తున్నావని నేను ఇంకా దానికి చెప్పలేదు, అప్పటికి నాకే తెలియదు. కానీ అది నీ పాట వింటున్న తీరు చూసి, ఇది కూడా పోతుంది, దీన్ని కూడా ఆ గొంతు లాక్కుపోతుంది అనుకున్నాను. పిండి బస్తా మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాను.

పాట అయిపోయింది. అది వెనక్కి తిరిగి నా వైపు చూసింది. కోపంగా ఉంది. నా మీద కాదు.

"ఇలా జరగలేదు కదమ్మా" అంది.

అందరి ముందూ అంది. అన్నాక తను ఏమందో తనకే తట్టినట్టు ఎర్రబడింది. ఆ పిలుపు విననట్టే ఉన్నాను. విన్నట్టు తెలిస్తే అది బెదిరిపోతుందని భయం. "లేదు, ఇలా జరగలేదు" అన్నాను. బస్తాని చెరో పక్కా పట్టుకుని ఇంటికి నడిచాం.

ఆ మాట నీకు రాయకూడదనుకున్నాను. రాస్తే దీన్ని కూడా పాట కడతావేమో. అయినా రాస్తున్నాను, ఎందుకంటే నీకు ఇది కనీసం ఒకసారి, జరిగింది జరిగినట్టు ఒకరు చెప్పాలి. కట్టాలనిపిస్తే కట్టుకో. నేను ఆపలేనని తెలుసుకున్నాను.

నీ ఉత్తరం జూనీకి చదివి వినిపించాను. నాష్‌విల్ పోతావా అని అడిగాను. ఆలోచించి, "ఇప్పుడు కాదు" అంది. రేపు పెద్దదయ్యాక పోతానంటే నేనే బస్సెక్కిస్తాను. పాడొద్దని దానికి చెప్పను. ఎవరిది పాడాలో అడిగి పాడమని మాత్రం చెప్తాను.

నాన్నకి ఈ వారం ఊపిరి బాగా కష్టంగా ఉంది. నీ పేరు అడగలేదు. అడిగితే కబురు చేస్తాను. అప్పుడు రా, ఒక్కదానివే రా. ఫోటోలవాడిని వెంట తీసుకురాకు.

డెల్ఫియా స్టాంపర్